ఐసు ముందు, వల తర్వాత

చెరువు చేప అంగట్లో పాడవుతుందని అనుకుంటాం. నిజానికి అది తెప్ప మీదే పాడవడం మొదలవుతుంది, ఒక్కోసారి వలలో ఉండగానే. మడికొండ చుట్టుపక్కల చెరువుల్లో చిక్కే చేపను ఆ మొదటి గంటలో కాపాడుకునే దారి గురించే ఈ కథనం.

కాజీపేట దాటి హైదరాబాదు రోడ్డు పట్టుకుంటే మడికొండ వస్తుంది. కాళోజీ నారాయణరావు పెరిగిన ఊరుగా చాలామందికి తెలుసు. మెట్టుగుట్ట మీది జంట బండరాళ్లు దూరం నుంచే కనిపిస్తాయి. గుట్ట కింది ఊరు ఇప్పుడు వరంగల్ మహానగరంలో భాగం. ఐటీ కంపెనీల మేడలు కూడా వచ్చాయి. కొంచెం అవతలికి పోతే దేవాదుల నుంచి ఎత్తిపోసిన గోదావరి నీళ్లు వచ్చి చేరే ధర్మసాగర్ జలాశయం ఉంది. కాకతీయుల కాలం నుంచి చెరువుల మీద బతికిన నేల ఇది. పాకాల, రామప్ప, లక్నవరం పేర్లు దేశమంతా ఎరుగుదురు. పేరు లేని ఊరచెరువులు అంతకంటే ఎన్నో రెట్లు.

ఈ నీళ్ల మీద చేపలు పట్టేవాళ్లలో చాలామందికి పడవ లేదు. ఉన్నది తెప్ప. థర్మాకోల్ అట్టలు కొన్ని పేర్చి, యూరియా సంచుల్లోనో టార్పాలిన్‌లోనో చుట్టి, నైలాన్ తాడుతో బిగిస్తే తెప్ప తయారు. అదీ లేనివాళ్లు గాలి నింపిన లారీ ట్యూబు మీద కూర్చుంటారు. ఒక్క మనిషికే చోటు. ఒళ్లో వల, చేతిలో చిన్న తెడ్డు, పక్కన ఒక గోనెసంచి. ఆ సంచిలోకే పట్టిన చేప పోతుంది. పొద్దెక్కే దాకా అందులోనే ఉంటుంది.

థర్మాకోల్‌లో నూటికి తొంభై ఎనిమిది పాళ్లు గాలే. గాలి ఉండబట్టే అది మనిషిని మోస్తూ తేలుతుంది. ఆ గాలి వల్లే బయటి వేడి లోపలికి తొందరగా రాదు. టీకామందులు ఊరూరా తిరిగేదీ, సముద్రపు చేపలూ రొయ్యలూ వందల కిలోమీటర్లు దాటి మన అంగళ్లకు వచ్చేదీ ఆ తెల్ల పెట్టెల్లోనే. ఐసుపెట్టె చేయడానికి కావలసిన సరుకు మన జాలరి దగ్గర ఎప్పటినుంచో ఉంది. ఐసు మాత్రమే అతని దాకా రాలేదు. అది రావాలన్నదే నా వాదన.

మన తెప్పలాగే ఒక్క మనిషికే చోటున్న పడవ ఇంకోచోటా ఉంది. ఉత్తర ధ్రువం దగ్గరి ఇన్యూట్ ప్రజలు సీల్ తోలుతో కట్టుకున్న ఒంటిమనిషి పడవ పేరు కయాక్. వాళ్లకు చలి ఉచితంగా దొరికేది, పట్టినది చెడిపోతుందన్న చింత అంతగా లేదు. ఇవాళ అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ ప్లాస్టిక్ కయాకుల మీద సరదాగా చేపల వేటకు పోయేవాళ్లు లక్షల్లో ఉన్నారు. వాళ్లకు ఎదురయ్యే ఇబ్బందీ మన తెప్ప ఇబ్బందీ ఒకటే. ఒక్కడే మనిషి, ఇంజను లేదు, చోటు లేదు, బరువు పెరిగితే తిరగబడుతుంది, నెత్తిన ఎండ. అందుకే వాళ్లు కూర్చునే చోటికి వెనక ఇమిడేలా మందపాటి చల్లసంచి పెట్టుకుంటారు. అందులో ఇంటి ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసాలు వేసుకుని మరీ నీళ్లలోకి దిగుతారు. వాళ్లది సరదా, మనవాళ్లది కూడు. కూడు కోసం పట్టేవాడి దగ్గరే ఆ సంచి లేకపోవడం నాకు బాధగా ఉంటుంది.

చేపలో జరిగేది ఏమిటి

బతికున్నంత కాలం చేప ఒంట్లోని కండ తనకు కావలసిన శక్తిని తనే తయారు చేసుకుంటుంది. ఊపిరి ఆగాక ఆ శక్తి నిల్వ కొద్దికొద్దిగా హరించుకుపోతుంది. నిల్వ అయిపోగానే ఒళ్లు కర్రలా బిగుసుకుంటుంది. బిగుసుకున్న చేప తాజా చేప. ఆ బిగువు వదిలిన తర్వాత కడుపులోని జీర్ణరసాలు ఆ కడుపునే తినడం మొదలుపెడతాయి. మొప్పల్లో, చర్మం మీది జిగురులో, పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు కండలోకి దారి చేసుకుంటాయి. వాసన వచ్చేది చివరి దశలో. ముక్కు పసిగట్టే సరికి జరగాల్సింది చాలావరకు జరిగిపోయి ఉంటుంది.

ఈ మొత్తం వ్యవహారాన్ని నడిపేది వేడి. చేపల నిల్వ మీద పనిచేసే శాస్త్రవేత్తలు వాడే సూత్రం ఒకటుంది. సున్నా డిగ్రీల దగ్గర చెడే వేగాన్ని ఒకటి అనుకుంటే, 5 డిగ్రీల దగ్గర అది రెండింతలు దాటుతుంది, 10 డిగ్రీల దగ్గర నాలుగింతలవుతుంది. మన చెరువు గట్టు మీద వేసవిలో 40 దాటుతుంది. పట్టిన వెంటనే ఐసులో పెట్టిన రవ్వ, బొచ్చె రెండు వారాల దాకా తినడానికి పనికొస్తాయి. అదే చేప గోనెసంచిలో ఉంటే మధ్యాహ్నానికే మెత్తబడుతుంది.

చేప పెనుగులాట కూడా లెక్కలోకి వస్తుంది. సంచిలో గంటసేపు కొట్టుకుని చచ్చిన చేప తన శక్తినంతా అక్కడే ఖర్చు చేసేస్తుంది. బిగువు తొందరగా వచ్చి తొందరగా పోతుంది, కండ చప్పబడుతుంది. జపాను జాలరులు చేప నీటి పైకి రాగానే తల మీద మొనదేలిన కడ్డీతో పొడిచి, మొప్ప దగ్గర కోసి నెత్తురు కార్చేస్తారు. చేపకు బాధ తక్కువ, మాంసానికి మేలు. మన దగ్గర మొప్ప కోస్తే కుదరదని జాలరులు అంటారు, వాళ్ల మాటలో న్యాయం ఉంది. కొనేవాళ్లు మొదట ఎత్తి చూసేది మొప్పలనే. అవి ఎర్రగా కనిపించకపోతే చేయి వెనక్కి తీసుకుంటారు. కాబట్టి కోయకపోయినా, తల మీద ఒక్క గట్టి దెబ్బ వేసి వెంటనే ఐసులో పెట్టమని చెప్పడం న్యాయమైన మధ్యేమార్గం.

ఇక వల సంగతి. సాయంత్రం నీళ్లలో నిలువుగా కట్టి, తెల్లవారి తీసే వలలో చేప ఏ వేళకు చిక్కిందో ఎవరికి తెలుసు? రాత్రి పది గంటలకు మొప్పలు ఇరుక్కుని ఊపిరాడక చచ్చిన బొచ్చె, తెల్లారి అయిదు దాకా గోరువెచ్చటి నీళ్లలో వేలాడుతూ ఉంటుంది. గట్టుకు చేరేసరికి దానికి ఏడు గంటల వయసు. దానిమీద ఎంత ఐసు పోసినా పోయిన ఏడు గంటలు తిరిగి రావు. వానాకాలం వేడి రాత్రుల్లోనూ, ఎండాకాలంలోనూ వల నడిరాత్రి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి ఎత్తితే ఈ నష్టం సగానికి సగం తగ్గుతుంది. నిద్ర చెడుతుంది, నిజమే. ఇద్దరు ముగ్గురు కలిసి వంతులు వేసుకుంటే మోయలేని భారం కాదు.

తాడు గుచ్చి నీళ్లలో వేలాడదీస్తే చల్లగా ఉంటుందన్న నమ్మకం కొందరిలో ఉంది. చల్లటి దేశాల నదుల్లో అది చెల్లుతుంది. సున్నా డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు 14 మిల్లీగ్రాములకు పైగా ప్రాణవాయువును పట్టుకోగలవు. 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు మించి పట్టుకోలేవు. మన చెరువులో పైనీళ్లు వేడి, ప్రాణవాయువు తక్కువ, చేప మొప్పకు గుచ్చిన గాయం. ఆ చేప బతకదు, చల్లబడదు.

ప్రాణంతో అమ్ముడయ్యే చేప

ఈ బాధ లేని చేప ఒకటుంది. వరంగల్ వైపు కొర్రమట్ట అని పిలిచే కొర్రమీను. 2016లో తెలంగాణ దీన్ని రాష్ట్ర చేపగా ప్రకటించింది. మొప్పల పైన దానికి గాలి పీల్చుకునే అర ఒకటి ఉంటుంది. నీళ్లపైకి వచ్చి నోటితో గాలి గుటక వేసి మళ్లీ కిందికి పోతుంది. అందుకే జానెడు నీళ్లున్న తొట్టిలో కూడా గంటల తరబడి బతికి, అంగట్లో ప్రాణంతో తూకానికి వస్తుంది. మార్పు చేపదీ అదే తీరు. మృగశిర కార్తె నాడు ప్రతి ఇంటా చేప వండాలనుకునే ఊళ్లలో కొర్రమట్టకు ఉండే గిరాకీ వేరే చెప్పాలా? హైదరాబాదు నాంపల్లిలో బత్తిని కుటుంబం ఇచ్చే చేపమందులోనూ మింగించేది బతికున్న చిన్న కొర్రమీను పిల్లనే.

తెప్ప మీద కొర్రమట్టను బతికించడానికి ఐసు అక్కర్లేదు. మూత ఉన్న బకెట్, మూతకు నాలుగు చిల్లులు, అడుగున కొన్ని నీళ్లు, పైన తడిగుడ్డ. నీళ్లు నిండా పోస్తే పైకి వచ్చి గాలి తీసుకునే చోటు లేక చస్తుంది. గంటకోసారి నీళ్లు మారిస్తే చాలు. రవ్వకూ బొచ్చెకూ మోసుకూ బంగారుతీగకూ ఈ వరం లేదు. చెరువుల్లో సహకార సంఘాలు ఎక్కువగా పెంచేవీ, 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా పిల్లలు వదులుతున్నవీ ప్రధానంగా ఈ జాతులే. వీటికి ఐసే దిక్కు.

ఎంత ఐసు కావాలి

కిలో ఐసు కరగడానికి 80 కిలో కేలరీల వేడి తాగుతుంది. ఐసు బలమంతా ఆ కరగడంలోనే ఉంది. 30 డిగ్రీల వేడిమీద ఉన్న 8 కిలోల చేపను సున్నాకు దించడానికి దాదాపు 200 కిలో కేలరీలు లాగేయాలి, అంటే రెండున్నర కిలోల ఐసు. ఇక పెట్టె గోడల గుండా లోపలికి చొరబడే వేడి. అంగుళం మందం ఉన్న థర్మాకోల్ పెట్టెలో, మూత బిగిస్తే, గంటకు పావు కిలోకు కాస్త అటూ ఇటూ కరుగుతుంది. నాలుగైదు గంటలకు కిలోంబావు. మూత తీసి పెట్టినప్పుడు పోయేది కలుపుకుంటే అంతా కలిసి అయిదు కిలోలు. వేడి దేశాల్లో కిలో చేపకు కిలో ఐసు అని నిపుణులు చెప్పే లెక్క అంగడి దాకా, అమ్ముడయ్యే దాకా కలుపుకున్నది. తెప్ప మీది తొలి గంటలకు అయిదు కిలోలు సరిపోతాయి.

తెప్ప మీద ఆ పెట్టెకు చోటేదీ అని అడుగుతారు. తెప్ప మీద పెట్టనక్కర్లేదు. పెట్టె కూడా థర్మాకోలే, తనంతట తనే తేలుతుంది. ముప్ఫై లీటర్ల పెట్టె పదిహేను కిలోల బరువును మోస్తూ వెనక తేలుతూ వస్తుంది. మూతను సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి, బారెడు తాడుతో తెప్పకు కట్టుకోవాలి. తాడు పొడుగైతే వలకు చిక్కుకుంటుంది. పెట్టెను బయట యూరియా సంచితో కప్పి కుట్టేయాలి. లేకపోతే థర్మాకోల్ గింజలు రాలి చెరువులో పడతాయి, వాటిని చేపలే మింగుతాయి. లోపల పాలిథీన్ కవరు పరవాలి. లేకపోతే నెత్తురూ జిగురూ గోడల్లోకి ఇంకి పెట్టెకు కంపు పడుతుంది.

ఐసును గడ్డగా వేయకూడదు. గడ్డ చేపను ఒకటి రెండు చోట్లే తాకుతుంది, దాని అంచులు తగిలి కండ నలుగుతుంది. గోనెసంచిలో వేసి కర్రతో దంచి, శనగగింజంత ముక్కలు చేసి, కాసిని నీళ్లు కలిపితే చేపను నలువైపులా చుట్టుకునే చల్లటి జావ అవుతుంది. తొలి గంటకు ఇంతకు మించింది లేదు. గట్టుకు వచ్చాక నీళ్లు వంపేసి, కింద ఐసు, నడుమ చేప, పైన ఇంకాస్త ఎక్కువ ఐసు వేయాలి. పైది కరుగుతూ కిందికి జారుతూ చేపను కడుగుతూ పోతుంది. మంచినీటి చేప కరిగిన నీళ్లలో నానుతూ ఉండకూడదు కాబట్టి పెట్టె అడుగున చిల్లు ఉండాలి. నీళ్ల మీద ఉన్నంతసేపు ఆ చిల్లుకు బిరడా.

చేప పరిమాణాన్ని మరవద్దు. గుప్పెడు పరకలు నిమిషాల్లో చల్లబడతాయి. నాలుగు కిలోల బొచ్చె వెన్నెముక దగ్గర చల్లబడటానికి గంటలు పడుతుంది. పైన చేయి పెడితే ఐసులా ఉంటుంది, లోపల ఇంకా చెరువు వేడే. పెద్ద చేప చిక్కిన రోజున దాన్ని ముందు పెట్టాలి.

ఐసు దొరకని రోజున తడి గోనెసంచి. వరంగల్ వేసవి గాలి పొడిగా ఉంటుంది, తడి ఆరుతూ వేడిని లాగేస్తుంది. గాలి తగిలేలా, నీడలో, ఎప్పటికప్పుడు తడుపుతూ ఉంటే కొన్ని డిగ్రీలు తగ్గుతాయి. వానాకాలంలో ఈ ఉపాయం దాదాపు పనిచేయదు. పాలిథీన్ కవర్లో మూటగట్టడం అన్నిటికంటే చెడ్డది, చేప తన వేడిలో తనే ఉడుకుతుంది.

బోస్టన్ ఐసు మద్రాసుకు చేరినప్పుడు

ఐసు దూరం ప్రయాణించలేదన్న మాట చరిత్ర ముందు నిలవదు. అమెరికాలోని బోస్టన్ నుంచి ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి అక్కడి చెరువుల మీద గడ్డకట్టిన ఐసును కోయించి, రంపపు పొట్టులో పొదిగి, 1833లో కలకత్తాకు ఓడలో పంపాడు. నెలల తరబడి సముద్రం మీద ప్రయాణం, రెండుసార్లు భూమధ్యరేఖ దాటడం. అయినా సరుకులో పెద్దభాగం గడ్డగానే దిగింది. మద్రాసు తీరంలో 1842లో దాని కోసం కట్టిన ఐస్‌హౌస్ ఇప్పటికీ ఉంది. 1897లో వివేకానందుడు బస చేసిన భవనం అదే. పొట్టు చుట్టిన ఐసు అన్ని సముద్రాలు దాటగలిగినప్పుడు, కాజీపేట నుంచి చెరువుగట్టు దాకా రాలేదా? రంపపు పొట్టు లేకపోతే వరి ఊక ఉంది. వరంగల్ చుట్టూ రైసుమిల్లులకు కొదవా?

ఇంకా దగ్గరి పాఠం కొల్లేరు వైపు ఉంది. కైకలూరు, ఆకివీడు ప్రాంతాల చెరువుల చేపలు లారీల్లో బెంగాలుకూ అస్సాముకూ పోతాయి. రోజుల ప్రయాణం. అక్కడ ఐసు సంగతి తేల్చుకోకుండా పట్టుబడికి దిగరు. చేప పైకి వచ్చేసరికి దంచిన ఐసు, ట్రేలు, తూకం, లారీ అన్నీ సిద్ధం. మన దగ్గర వల తీశాక, గట్టెక్కాక, బేరం కుదిరాక ఐసు కోసం ఎవరినో పంపుతారు. వాళ్లు పెద్ద రైతులు, వీళ్లు ఒంటి తెప్ప జాలరులు, పోల్చడం తగదని అనవచ్చు. లారీకి కావలసింది టన్నులు. తెప్పకు కావలసింది అయిదు కిలోలు. తేడా స్తోమతలో కంటే వరుసలో ఎక్కువ ఉంది.

ఐసు వాడని చోట ఏం జరుగుతుందో కూడా చూశాం. 2018లో కేరళలో ఫార్మాలిన్ కలిపిన చేపలు పట్టుబడ్డాయి. అదే ఏడు జులైలో అస్సాం ప్రభుత్వం ఆంధ్ర చేపల మీద కొన్నాళ్లు నిషేధం పెట్టింది. శవాలను నిల్వ చేసే మందు తిండిలోకి రావడం కంటే ఘోరం ఏముంటుంది? కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ చిన్న కాగితపు పట్టీతో ఫార్మాలిన్‌ను పసిగట్టే పరీక్షను తయారు చేసింది. పరీక్షలు మంచివే. చల్లదనం మొదటి నుంచీ ఉంటే మందు కలపాలన్న ఆలోచనకే చోటుండదు.

పది గంటల తర్వాత దిగే ధర

ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాల్లో చేప పట్టేది చాలావరకు మగవాళ్లు, అమ్మేది ఆడవాళ్లు. రోడ్డు పక్కన గంప ముందు పెట్టుకుని, తడిగుడ్డ కప్పి, ఈగలు తోలుతూ కూర్చునేది ఆ తల్లులే. ఏడు గంటలకు చెప్పిన ధర పది గంటలకు ఉండదు. ఎండ పెరిగే కొద్దీ కొనేవాళ్ల గొంతు పెరుగుతుంది, అమ్మే తల్లి గొంతు తగ్గుతుంది. మారుబేరగాడు ఆ వేళ కోసమే కాచుకుని ఉంటాడు. వచ్చిన కాడికి ఇచ్చి లేవాల్సిందే. గంపలో ఐసు ఉంటే ఆమె సాయంత్రం దాకా కూర్చోగలదు. ఆఫీసుల నుంచి ఇళ్లకు పోయేవాళ్లకు తన ధరకు అమ్మగలదు. ఐసు ఆమెకు బేరమాడే బలం.

ప్రభుత్వాలు ఈ వైపు చూడలేదని అనను. 2020 సెప్టెంబరులో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఐసుపెట్టె ఉన్న సైకిళ్లకు, మోటారు సైకిళ్లకు, మూడు చక్రాల బండ్లకు రాయితీ ఉంది. సాధారణ వర్గాలకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీలకూ మహిళలకూ 60 శాతం. ఇవి మంచి పథకాలు. అయితే బండి వచ్చేది గట్టు దాకానే. నీళ్లకూ గట్టుకూ మధ్య గడిచే నాలుగు గంటలను ఆ బండ్లు అందుకోలేవు. మత్స్య సహకార సంఘానికి ఒక పెద్ద ఫ్రీజరు ఉంటే, రాత్రికి రాత్రి వాడేసిన నీళ్ల సీసాల్లోనే తాగునీటితో ఐసు కట్టించి, తెల్లవారుజామున తెప్పకు నాలుగేసి పంచవచ్చు. లీటరు సీసా కరిగితే 80 కిలో కేలరీలు, నాలుగు సీసాలు అయిదారు కిలోల చేపకు చాలు. కరిగిన నీళ్లు చేపకు తగలవు, సీసా మళ్లీ పనికొస్తుంది. రాయితీ పత్రాల్లో ఇంత చిన్న వస్తువు కనిపించకపోవడమే లోటు. సంఘాల అధ్యక్షులు, జిల్లా మత్స్యశాఖ అధికారులు ఈ వేసవిలోపు ఒక్క చెరువు దగ్గరైనా దీన్ని చేసి చూపాలి.

అన్నిటికంటే గట్టి అడ్డంకి మనమే, కొనేవాళ్లం. "ఐసులో పెట్టినవా?" అని మొహం చిట్లిస్తాం. ఐసు అంటే ఆంధ్రా నుంచి వచ్చిన పాత చేప అని, ఐసు లేనిది మన చెరువు చేప అని మనసులో ముద్ర పడిపోయింది. దాంతో ఐసు ఉన్న తల్లి కూడా దాన్ని గుడ్డ కింద దాస్తుంది, లేదా అసలే వాడదు. తెల్లారి అయిదింటికి తెప్ప మీదే ఐసులో పడి, పదింటికి మీ సంచిలోకి వచ్చిన రవ్వ, అదే చెరువులో అదే వేళకు పట్టి ఎండలో అయిదు గంటలు కూర్చున్న రవ్వకంటే తాజాది. కన్ను ఉబ్బెత్తుగా నిగనిగలాడుతూ ఉందా, వేలితో నొక్కితే గుంట నిలవకుండా లేస్తోందా, కడుపు గట్టిగా ఉందా చూడండి. ఇవి చెప్పే నిజం ఐసు ఉందా లేదా అన్నది చెప్పదు.

వచ్చే ఆదివారం చేపల కోసం వెళ్లినప్పుడు ఆ అమ్మను అడగాల్సిన మాట మార్చండి. "అమ్మా, ఐసు ఎప్పుడు పెట్టిండ్రు?" అని అడగండి. తెప్ప మీదే పెట్టామని చెబితే, కిలోకు పది రూపాయలు ఎక్కువైనా ఇచ్చి తీసుకోండి. ఇంటికి పోయేటప్పుడు రెండు ఐసు ముక్కలు మీ సంచిలో కూడా వేయించుకోండి.